డాబా మీది నల్ల వైరు

ఎండ బాగా కాసిన రోజునే మా ఇంట్లో ఇంటర్‌నెట్ పోయేది. ముసురు పట్టిన రోజు మాత్రం లైను పొద్దంతా చక్కగా నిలబడేది. వాన పడితే నెట్ పోతుందని అందరూ అనుకుంటారు కాబట్టి ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మా ఆయనైతే, "మబ్బు పట్టినప్పుడు నీకు పని మీద మనసు పడ్తది, ఎండ కొడితే నిద్రొస్తది. గంతే," అని నవ్వేవాడు.

నాకు నవ్వు వచ్చేది కాదు.

నాది వేరేవాళ్ళ నెట్ బాగుచేసే ఉద్యోగం. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ. ఎక్కడెక్కడో ఉన్న ఆఫీసుల్లో, గోదాముల్లో నెట్‌వర్క్ ఆగిపోతే వాళ్ళు మాకు ఫోను చేస్తారు. నేను ఇక్కడ కూర్చుని వాళ్ళ పరికరాల్లోకి వెళ్ళి చూసి, ఏ వైరు ఊడిందో, ఏ పెట్టె వేడెక్కిందో చెప్పాలి. పాప పుట్టాక, సెలవు అయిపోయిన తరువాత, ఇంటి నుంచే చేస్తానని అడిగాను. ఒప్పుకున్నారు. కానీ పని మధ్యలో నేనే మాయమైపోవడం మొదలైంది. అవతల గోదాము మనిషి "మేడం, వినపడుతుందా మేడం" అంటూ ఉండగానే ఇక్కడ నా తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది.

"ఊరందరి నెట్టు బాగు జేస్తవ్, మనింట్ల నెట్టు మాత్రం నీ మాట వినది," అనేది మా అత్తమ్మ. ఎగతాళే, కానీ ఆ మాట అంటూనే మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి పోయేది.

మా మేనేజరు నెమ్మదైన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచదు. ఒకరోజు ఫోను చేసి, "నీ పని మీద నాకు కంప్లైంట్ ఏమీ లేదమ్మా, నీ లైన్ మీదే," అంది. "ఈ నెల చూద్దాం. నిలబడితే ఇంటి నుంచే చెయ్యి. లేదంటే వచ్చే నెల నుంచి ఆఫీసుకు రావాల్సి ఉంటుంది."

అప్పటికి పాపకు ఎనిమిదో నెల. ఆఫీసుకు వెళ్ళాలంటే అది రోజూ పోయి వచ్చే దూరం కాదు. హైదరాబాదులో ఏ హాస్టల్లోనో ఉండి, వారానికోసారి రైలెక్కి కాజీపేటలో దిగాలి. మా ఆయనది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, షిఫ్టులు. ఆయన కదలడానికి లేదు. అత్తమ్మ పాపను ఎంత బాగా చూసుకుంటుందో నాకు తెలుసు. ఆ విషయంలో నాకు భయం లేదు. కానీ పాప ఇంకా నా పాలే తాగుతోంది. రాత్రి నిద్రలో చేత్తో వెతుక్కుంటుంది. నా నైటీ అంచో, చున్నీ కొసో వేళ్ళకు దొరికితే గానీ మళ్ళీ నిద్రపోదు. వారంలో అన్ని రాత్రులు ఆ చేతికి ఏమీ దొరకదని అనుకున్నప్పుడల్లా నా చున్నీ కొస ఇంకాస్త దగ్గరికి జరిపేదాన్ని.

మేనేజరు మాట అత్తమ్మకు చెప్పిన మర్నాటి నుంచే ఆవిడ పాపకు చెంచాతో పాలు పట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే ఎందుకు అత్తమ్మా?"

"అలవాటు జెయ్యాలె గద బిడ్డా. రేపు నువ్వు పోతే పోరి ఆగమైతది."

ఆవిడ మామూలుగానే అంది. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మేముండేది కాజీపేట దాటాక కొత్తగా వేసిన ప్లాట్లలో. రైళ్ళ చప్పుడు ఇంట్లోకి వస్తుంది గానీ ఫైబర్ కేబుల్ ఇంకా మా వీధికి రాలేదు. అందుకని మాకు నెట్ గాలిలోంచి రావాలి. డాబా మీద ఒక ఇనుప పైపు, దానికి బిగించిన చిన్న తెల్లటి రేడియో పెట్టె, అది దూరంగా ఉన్న టవరు వైపు ముఖం పెట్టుకుని ఉంటుంది. దాని అడుగు నుంచి ఒక నల్ల వైరు బయలుదేరి, గాలిలో వేలాడుతూ డాబా దాటి, మెట్లగది గోడకు వచ్చి, అక్కడి నుంచి కిందికి దిగి, నా గదిలో ఒక అడాప్టర్‌లో చేరుతుంది. పై పెట్టెకు కావలసిన కరెంటు కూడా ఈ అడాప్టర్ నుంచి ఆ వైరులోనే వెళ్తుంది. అంటే మా ఇంటికి ఆధారమంతా ఆ ఒక్క వైరే.

నెట్ పెట్టిన అతనికి ఫోను చేస్తే, "టవర్ దిక్కు ప్రాబ్లం మేడం, రేపటికల్ల మంచిగైతది," అనేవాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ రేపే.

ఒకనాడు పొద్దున, ఎండ అప్పుడప్పుడే చురుక్కుమంటున్న వేళ, కాల్ మధ్యలో లైను పోయింది. నాకు ఏం తోచిందో, పాప ఉయ్యాలలో నిద్రపోతుండగా, అడాప్టర్ వైపు కూడా చూడకుండా చెప్పుల్లేని కాళ్ళతో మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తాను.

నల్ల వైరు నిండా పాప గుడ్డలు. మెట్లగది నుంచి పైపు దాకా వరుసగా, జబలాలు, పక్క గుడ్డలు, లంగోటీలు. నట్టనడుమ పాత చీరలతో కుట్టిన చిన్న బొంత, ఇంకా నీళ్ళోడుతోంది. దాని బరువుకు వైరు విల్లులా వంగింది. అత్తమ్మ బకెట్టులోంచి ఆఖరి గుడ్డ తీసి దులుపుతోంది.

"అత్తమ్మా, వీటిని దీని మీద ఎవరేసిండ్రు?"

"నేనే ఏసిన. రోజేస్త. ఏమైంది?"

"ఇది నెట్టు వైరు!"

"ఎర్కే నాకు. పట్టుకుంటే షాకు గొట్టదని నా కొడుకును అడిగినంకనే ఏసిన. గా ఇనుప తీగె మీదేస్తే తుప్పు మరకలైతానయి. పోరికి ఒంటి మీద పొక్కులొచ్చినయని నువ్వే గద మొత్తుకున్నవ్. ఇదైతే నున్నగ మంచిగున్నది. తుప్పు వట్టది."

నిజమే. మొత్తుకున్నది నేనే. గుడ్డలు కింద వరండాలో ఆరేస్తే లారీల దుమ్ము పడుతుందని, డాబా మీద మండే ఎండలోనే ఆరాలని పట్టుపట్టింది కూడా నేనే. పొద్దున తడి గుడ్డలు వేసినప్పుడు వైరు కిందికి గుంజుకుపోతుంది, నెట్ పోతుంది. మధ్యాహ్నానికి అవి ఆరి తేలికపడతాయి, నెట్ వస్తుంది. ముసురు పట్టిన రోజు గుడ్డలన్నీ ఇంట్లో ఫ్యాను కింద ఉంటాయి కాబట్టి లైను పోనే పోదు.

ఈ సంగతి చెప్తుంటే అత్తమ్మ చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది.

"అంటే నా వల్లనే నీ కొలువు పోతాందా?"

ఇక గబగబా అన్నీ లాగెయ్యడం మొదలుపెట్టింది. బొంతను భుజాన వేసుకుంటే జాకెట్టంతా తడిసిపోయింది. నేను ఆపాను. ఆవిడను ఓదార్చడానికి కాదు గానీ, నాకు నిజంగానే ఒక అనుమానం వచ్చింది. బయట పెట్టే వైరు ఇంతమాత్రం బరువుకు ఓర్చుకోకూడదా? పిట్ట వాలితే? కోతి పట్టి ఊగితే? మా వీధిలో కోతులకేం తక్కువ లేదు.

పైపు దగ్గరికి వెళ్ళి రేడియో పెట్టె అడుగు మూత తీసి చూశాను. లోపల ఉన్నది ఉత్త ప్లాస్టిక్ కనెక్టర్. ఆఫీసులో బల్ల కింద కంప్యూటర్‌కు పెట్టే రకం. మా వైరేమో బయట వాడే మందపాటిది. దాని నల్లటి తోలు ఆ చిన్న ప్లాస్టిక్ నోట్లో పట్టదు. అందుకని బిగించినవాడు తోలును వెనక్కి వలిచేసి, లోపలి ఎనిమిది సన్నటి తీగలను మాత్రం దూర్చి నొక్కేశాడు. అంటే మా బొంత బరువంతా ఇన్నాళ్ళూ ఆ ఎనిమిది తీగలే మోస్తున్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. ఇట్లాంటి వైరులో తోలు కింద తీగల చుట్టూ పల్చటి రేకు చుట్టి ఉంటుంది. ఆ రేకును అంటిపెట్టుకుని తొడుగు లేని ఒక సన్న తీగ పొడుగునా వస్తుంది. చుట్టుపక్కల కరెంటు లైన్ల రొద లోపలి మాటల్లో కలవకుండా చూసేది ఆ రేకే. మాకైతే ఒకవైపు ట్రాన్స్‌ఫార్మరు, ఇంకోవైపు రైలు తీగలు. ఎండగాలికి వైరు మీద పేరుకునే కరెంటును భూమిలోకి దించేది కూడా అదే. అయితే రేకు కనెక్టర్ లోహానికి తగలాలి, ఆ లోహం పెట్టె లోహానికి తగలాలి, కింద అడాప్టర్ ద్వారా ఇంటి ఎర్తులో కలవాలి. ప్లాస్టిక్ కనెక్టర్‌కు తగలడానికి లోహమే లేదు. అతను రేకును కత్తిరించి పడేశాడు. సన్న తీగ మాత్రం ఎవరికీ పట్టనట్టు పక్కకు వేలాడుతోంది.

రోజూ ఎక్కడెక్కడివాళ్ళకో "ముందు కనెక్టర్ చూడండి" అని చెప్పే నేను మా ఇంటి మూత తీసి చూడలేదు. పాపను ఎత్తుకుని మెట్లెక్కాలంటే భయం, దింపి ఎక్కాలన్నా భయం. అట్లా రోజులు గడిచిపోయాయి.

శనివారం పని అయిపోయాక వైరు కొస నుంచి జానెడు ముక్క కోసి పర్సులో వేసుకుని, పాపను చంకనేసుకుని హనుమకొండ పోయాను. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే దుకాణం. గల్లా దగ్గర కూర్చున్నాయన నన్ను, పాపను, నా చేతిలోని వైరు ముక్కను వంతులవారీగా చూశాడు.

"అన్నా, బయట పెట్టే వైరుకు కనెక్టర్లు గావాలె. మెటల్‌వి, షీల్డెడ్."

"గవెందుకక్కా? ప్లాస్టిక్‌వి తీస్కపో. అందరు గవ్వే పెడ్తాండ్రు."

"అందరి నెట్టు పోతనే ఉన్నది గదన్నా."

ఆయన నవ్వి, ఒక పొట్లం నుంచి మెరుస్తున్న కనెక్టర్లు తీసి గాజుబల్ల మీద పోశాడు. వాటిలో ఒకదాన్ని వైరు ముక్కకు పెట్టి చూశాను. తోలు వెనక నుంచి దూరలేదు. లోపలి తీగలు కూడా దాని సందుల కంటే లావుగా ఉన్నాయి. ఇంకో రకం తీశాడు. దాంట్లో తీగల కొసలు ముందువైపు రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి. బిగించడం తేలికే, కానీ కోసిన రాగి కొసలు అట్లా బయటపడి ఉంటే డాబా మీది చెమ్మ వాటిని వదలదు. అదీ వద్దన్నాను.

"నువ్వేందక్కా, జాకిటు బట్టకు మ్యాచింగ్ జూసినట్టు జూస్తానవ్?"

"మ్యాచింగ్ గాకపోతే మీ ఇంట్ల కట్టుకుంటరా అన్నా?"

"వామ్మో! మా ఇంట్ల ముచ్చట దియ్యకు," అని ఆయన నిచ్చెన ఎక్కాడు.

ఈలోగా పాప బల్ల మీద నుంచి ఒక కనెక్టర్ అందుకుని నోట్లో పెట్టుకోబోయింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాక్కుంటే దుకాణం ఎగిరిపోయేట్టు ఏడ్చింది. "నీ బిడ్డకు గది నచ్చిందక్కా, గదే తీస్కపో," అన్నాడాయన నిచ్చెన మీద నుంచి.

పై అరలో దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దొరికింది. బయట కెమెరాలు పెట్టేవాళ్ళు తీసుకుపోయే రకమట. ఒళ్ళంతా లోహం, వెనక వైపు రెండు చిన్న రెక్కలు. వైరు తోలు దాంట్లోకి సుతారంగా వెళ్ళి ఆగింది. తీగలు కూడా సందుల్లో సరిగ్గా పట్టాయి. ఆ రెండు రెక్కలను తోలు చుట్టూ మడిచి నొక్కితే వైరు బరువును అవే పట్టుకుంటాయి, లోపలి తీగలకు గుంజు తగలదు. రేకు కూడా వాటి కిందే లోహానికి అదిమి ఉంటుంది. నాకు అన్నిటికంటే కావలసినవి ఆ రెక్కలే. వాటిని, కనెక్టర్ మీదికి తొడిగే రబ్బరు తొడుగులను తీసుకుని వచ్చాను. ఆటోలో పాప నిద్రపోయింది. నేను మాత్రం పొట్లం మూతి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను, ఒక్కటి జారి ఆమె ఒళ్ళో పడినా ప్రమాదమే కదా అని.

మర్నాడు ఆదివారం మా ఆయన ఇంట్లో ఉన్నాడు. పాపను ఆయనకిచ్చి, అడాప్టర్ కరెంటు తీసేసి, నేను పైకెక్కాను. వెనకే అత్తమ్మ గొడుగు పట్టుకుని వచ్చింది.

"మీరెందుకు ఈ ఎండల?"

"నేను ఊడగొట్టిన గద. ఏం పట్టుకోవాల్నో చెప్పు, పట్టుకుంట."

పాత పేపరు పరుచుకుని కూర్చున్నాం. ఆవిడ నా నెత్తి మీద గొడుగు పట్టింది, తన నెత్తి మీద కొంగు వేసుకుంది. నేను తోలు కోసి, రేకును చింపకుండా వెనక్కి మడిచి, సన్న తీగను దాని మీద చుట్టాను. తరువాత మెలికలు విప్పి ఎనిమిది రంగులను వరుసలో పేర్చాను. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ.

అత్తమ్మ వంగి చూసింది. "పచ్చది పచ్చది జంటనే గద. వాటి నడిమిట్ల గీ నీలం జంటెందుకు దూరిందే? కాపురం ఇడగొట్టుడు పాపం గాదా?"

"పద్ధతే గంత అత్తమ్మా. గట్ల ఉంటెనే పని చేస్తది."

"ఏం పద్ధతో! మీ సదువులల్ల అన్నీ గిట్లనే ఉంటయి."

తీగల కొసలు సమంగా కత్తిరించి కనెక్టర్‌లోకి తోస్తుంటే కింద పాప ఏడుపు మొదలైంది. ముందు సన్నగా, తరువాత ఆగకుండా. మా ఆయన ఏదో పాట పాడుతున్నాడు, ఆ పాటకు ఏడుపు ఇంకా పెరిగింది. నా చేతులు తొందరపడ్డాయి. పట్టకారుతో గట్టిగా నొక్కాను. రెక్కలు మడిచాను. చక్కగా వచ్చింది. అప్పుడు చూసుకున్నాను, రబ్బరు తొడుగు నా ఒళ్ళోనే ఉంది. దాన్ని కనెక్టర్ బిగించకముందే వైరు మీదికి ఎక్కించాలి. బిగించాక ఏ దారీ లేదు.

"ఏమైంది?" అంది అత్తమ్మ. చెప్పాను. ఆవిడ గొడుగు ఊగేలా నవ్వింది. "అంగి తొడిగినంక బనీను యాదికొచ్చినట్టున్నది నీ కథ!"

నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కనెక్టర్‌ను కోసి పారేసి మళ్ళీ తోలు వలిచాను. ఈసారి తొడుగు ముందే ఎక్కించాను. రేకు మడిచి, రంగులు మళ్ళీ పేర్చేసరికి పాప గొంతు బొంగురుపోతోంది. నా కుర్తా ముందు భాగం పాలతో తడిసింది. ఇక కూర్చోలేకపోయాను. అన్నీ అట్లాగే వదిలి కిందికి దిగాను.

పాపకు పాలిచ్చి, భుజాన వేసి తట్టి, అది నిద్రపోయాక మళ్ళీ పైకి వచ్చేసరికి చాలాసేపే అయింది. అత్తమ్మ కింద ఎక్కడా కనిపించలేదు. డాబా మీదే ఉంది. గొడుగును పక్కకు వాల్చి వైరు కొసకు నీడ పెట్టింది. తను ఎండలో, గోడకు ఆనుకుని, ఆ రంగుల తీగల చుట్టూ రెండు చేతులు దోసిలిలా పట్టుకుని కూర్చుంది.

"ఇంకా ఈడనే ఉన్నరా?"

"నువ్వు వరుసగ వెట్టిపోయినవ్. గాలికి చెదిరితే మళ్ల మొదటి నుంచి గద."

ఆ దోసిలిలోంచే తీగలు తీసుకుని కనెక్టర్‌లోకి తోశాను. లోపలిదాకా వెళ్ళాయో లేదో వెలుతురుకు పెట్టి చూసి నొక్కాను. రెక్కలు మడిచి రేకు మీద, తోలు మీద బిగించాను. తొడుగు జరిపాను. పెట్టెలో పెడితే టిక్కుమంది. మూత వేసి, వైరును పైపుకు రెండు చోట్ల కట్టి, పెట్టె కింద కాస్త వదులుగా వంక తిప్పి వదిలాను. వాననీళ్ళు వైరు వెంట జారినా ఆ వంక దగ్గరే కిందికి కారిపోతాయి, లోపలికి ఎక్కవు.

"ఇప్పుడు గుంజి చూడండి."

"నేను ముట్టుకోను తల్లీ. ఇగ దాని దిక్కు గూడ చూడ."

"గుంజాలె. ఇప్పుడే తెలువాలె గద."

ఆవిడ రెండు వేళ్ళతో లాగింది. తరువాత గుప్పిట పట్టి లాగింది. ఏమీ కాలేదు. "మ్," అంది. అంతే.

కింద నా గదిలో రెండో కొస కూడా అట్లాగే బిగించాను. అడాప్టర్ మూడు పుల్లల ప్లగ్గును గోడలో పెట్టే ముందు ఎర్తు ఉందో లేదో చూడమని మా ఆయనను అడిగాను. ఆయన సాకెట్టు విప్పాడు. మూడో రంధ్రం వెనక ఎర్తు వైరు ఊరికే గోడలో వేలాడుతోంది, దేనికీ బిగించలేదు.

అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఒకలు రైల్వేలన్నీ మంచిగ జేస్తరు, ఒకలు ఊర్ల నెట్లన్నీ మంచిగ జేస్తరు. ఇల్లు మాత్రం దేవునికే ఇడిసిపెట్టిండ్రు," అంది. మా ఆయన తలెత్తకుండా ఎర్తు వైరు బిగించాడు.

నాకు ఇంకో భయం. కత్తిరించిన రాగి తునకలు కంటికి కనిపించనంత చిన్నవి. పాప ఇప్పుడిప్పుడే నేల మీద పాకుతోంది, దొరికిందల్లా నోట్లోకే. ఊడ్చాను. తడిబట్టతో తుడిచాను. అయినా తృప్తి లేదు. మోకాళ్ళ మీద కూర్చుని బండల సందుల్లో చూస్తుంటే అత్తమ్మ వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద తెచ్చింది. గాజు పగిలినప్పుడు చేసినట్టే, ఆ ముద్దను నేల మీద అద్దుతూ గదంతా తిరిగింది. ముద్దలో సన్నటి మెరుపులు అంటుకుని వచ్చాయి. నేను చూసి, ఇంకోసారి అద్దమని అడిగాను. విసుక్కోకుండా ఇంకోసారి అద్దింది. అడక్కుండానే మంచం కింద కూడా అద్దింది.

డాబా మీద పాప గుడ్డలకు ప్లాస్టిక్ తాడు కట్టాం. ఆ వారమంతా ఎండలే. గుడ్డలు తాడు మీద ఆరాయి, లైను పోలేదు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. పాత కనెక్టర్ ఎండకు పోయేది, వానకు నిలిచేది. కొత్తదాని మీద ఇంకా వాన పడనే లేదు. తొడుగులోకి నీరు దిగితే? రెక్కల దగ్గర చిలుము పడితే? ఇప్పుడు రాస్తూ ఉంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు కాల్ మధ్యలో కూడా అడాప్టర్ మీది పచ్చ దీపం వైపే చూసేదాన్ని. పాప ఊపిరి తీస్తోందా లేదా అని రాత్రి లేచి వంగి చూసినట్టు.

నెల చివర మేనేజరు ఒక పెద్ద కాల్ పెట్టింది. ఒక కొత్త గోదాము నెట్‌వర్క్ అంతా నేనొక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా నిలబెట్టాలి, ఆవిడ వింటూ ఉంటుంది. మొదలుపెట్టిన కాసేపటికే కిటికీ నల్లబడింది. ఉరుము లేదు, మెరుపు లేదు. ఉత్త వాన, బిందెలతో కుమ్మరించినట్టు. మెట్లగది రేకు మీద చప్పుడుకు నా మాట నాకే వినపడలేదు. అవతలి మనిషి "మేడం, మీ దగ్గర వానా?" అంటే, "అవునండీ, మీరు చెప్పండి," అన్నాను. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఒక స్విచ్ తరువాత ఇంకో స్విచ్, ఒక కెమెరా తరువాత ఇంకో కెమెరా. తలుపు అవతల పాప ఒకసారి గునిసింది, వెంటనే ఎవరో ఎత్తుకుని దూరంగా నడిచిన చప్పుడు. నా ఒళ్ళు పాలతో బరువెక్కింది. వాన తగ్గలేదు. లైనూ తెగలేదు.

అందరూ కాల్ నుంచి వెళ్ళిపోయాక మేనేజరు ఒక్కతే ఉండిపోయింది.

"ఏం చేశావమ్మా లైన్‌కు?"

"కనెక్టర్లు మార్చాను మేడం. షీల్డెడ్ పెట్టాను. ఎర్త్ కూడా సరిచేశాం."

"ఎవరిని పిలిచావు?"

"ఎవరినీ లేదు మేడం. మేమే, ఇంట్లోవాళ్ళం."

"సరే. పాపకు ఏడాది నిండేదాకా ఇంటి నుంచే చెయ్యి. ఆ తరువాత సంగతి అప్పుడు చూద్దాం. నెలకు ఒక్కసారి మాత్రం వచ్చి కనిపించాలి," అంది.

నేను తలుపు తీసేసరికి అత్తమ్మ గడప అవతలే నిలబడి ఉంది. పాప ఆవిడ భుజం మీద, ముక్కు ఎర్రగా. నన్ను చూసి రెండు చేతులూ చాచింది. తీసుకుని మంచం మీద కూర్చుని పాలిస్తూ, మేనేజరు చెప్పిందంతా చెప్పాను. ఏడాది నిండేదాకా అన్న మాట కూడా చెప్పాను, దాచలేదు.

అత్తమ్మ పక్కన కూర్చుని పాప పాదాలు తుడిచింది.

"నెలకోసారి పోతే రాత్రి ఉండాల్నా?"

"వద్దు. పొద్దుగాల బండికి పోయి, సాయంత్రం బండికి రావచ్చు."

"మరి పోరి పాలు?"

నేను పాపను ఇంకో వైపుకు మార్చుకున్నాను.

"మేమిద్దరం గూడ వస్తం," అంది ఆవిడ. "నువ్వు లోపల నీ పని జేస్కో. దీనికి ఆకలైనప్పుడు పిలుస్త, వచ్చి ఇచ్చిపో. బండ్ల తినెటందుకు టిఫిను డబ్బ కట్టుకుందం. నేను హైదరాబాదు చూసి శాన ఏండ్లాయె."

"పొద్దంత కూసోవాలె అత్తమ్మా. నడుము నొస్తది."

"నొస్తే నొస్తది. మీ ఆఫీసుల కూసునేటందుకు జర జాగ ఉంటదా లేదా, గది చెప్పు ముందుగాల."

"ఉంటది," అన్నాను. ఉందో లేదో నాకు నిజంగా తెలియదు. రేపు పొద్దున ఫోను చేసి కనుక్కోవాలి.